పొద కొట్టడం వేరు, నేల బాగుచేయడం వేరు

టెక్సాసులో ఆస్టిన్‌కు పడమట హిల్ కంట్రీ అనే రాతినేల ఉన్నది. అక్కడ నాలుగెకరాలో పదెకరాలో కొన్న మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. సీడారు, మెస్కీటు కమ్మేసిన నేలను కాంట్రాక్టరుకు అప్పగించాలా, వాడిన ఫారెస్ట్రీ మల్చరు కొని స్వయంగా కొట్టుకోవాలా? నా మటుకు నేను కొనమనే చెబుతాను. అయితే వారనుకునే కారణానికి కాదు.

వారనుకునే కారణం డబ్బు. ట్రాక్ లోడరు, దాని ముందు తగిలించే మల్చింగ్ హెడ్ కలిపి కొత్తవి కొంటే లక్ష డాలర్లు దాటుతుంది. పాతది చౌకే, కానీ ఆ చౌకను మరమ్మతులు మింగేస్తాయి. గంటల మీటరు చూసి మురిసిపోకండి. ఇంజను ఆపించి రోటరును చేత్తో తిప్పి బేరింగుల చప్పుడు వినండి. హెడ్ కోరేటంత హైడ్రాలిక్ ప్రవాహం ఆ లోడరు ఇవ్వగలదో లేదో కనుక్కోండి. ఇవ్వలేకపోతే లావుపాటి మొద్దు తగిలినప్పుడల్లా రోటరు నిలిచిపోతుంది. రేడియేటరు చుట్టూ, ఇంజను కింద ఎండుపొట్టు పేరుకొని ఉంటే ఆ యజమాని శ్రద్ధ ఎంతటిదో తెలిసినట్లే. ఆ పొట్టే నిప్పంటుకుంటుంది. ముందరి అద్దం దళసరి పాలికార్బొనేటు కాకపోతే ఆ బేరం వదులుకోవడం మేలు. చెక్కపేడు, విరిగిన పన్ను వంద గజాల దూరం ఎగరగలవు.

మరి ఎందుకు కొనాలి? కాంట్రాక్టరు పుచ్చుకొనేది ఎకరాకింత, లేదా గంటకింత. చదునుగా కనబడే నేలే అతని పనికి కొలత. నేలకు ఆ కొలత చాలదు. ఇక్కడి సీడారును, అనగా యాష్ జూనిపరును, మొదలంటా కొడితే మళ్ళీ చిగురించదు. దానికి మల్చరే మందు. మెస్కీటు అలా కాదు. దాని మొగ్గలు మన్ను లోపల దాగి ఉంటాయి. పైన నుగ్గు చేస్తే ఒక్క కాండం స్థానంలో పది లేస్తాయి. మన సర్కారు తుమ్మ దీనికి దగ్గరి చుట్టమే. 1870వ దశకంలో కడప ప్రాంతంలో నాటిన ఆ మొక్కను నరికి ఊరుకుంటే ఏమవుతుందో మన పల్లెల్లో ఏ రైతునడిగినా చెబుతాడు. మొద్దు పెకలించనిదే పని ముగిసినట్లు కాదు. ఏది నుగ్గు చేయాలో, ఏది తవ్వాలో చెట్టు చెట్టుకూ నిర్ణయించే ఓపిక గంటల లెక్కన వచ్చిన మనిషికి ఎలా ఉంటుంది?

ఏది వదలాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఫిబ్రవరి నుండి జూన్ వరకు ఓక్ చెట్టుకు గాయం కారాదని అటవీశాఖ హెచ్చరిస్తుంది. ఆ గాయం మీద వాలే చిన్న పురుగులు ఓక్ విల్ట్ తెగులును మోసుకొస్తాయి. ఆపైన ఒకదానితో ఒకటి కలిసిన వేళ్ళ గుండా అది తోపంతా పాకుతుంది. ముసలి సీడార్లకు సైతం ఒక పని ఉన్నది. గోల్డెన్ చీక్డ్ వార్బ్లరు అనే పిట్ట వాటి బెరడు పీచుతోనే గూడు అల్లుకుంటుంది. మధ్య టెక్సాసులో తప్ప లోకంలో మరెక్కడా అది పిల్లలను చేయదు. 1990లో దానిని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు. దాని పిల్లలకాలంలో యంత్రం ఆగవలసిందే. ముసలి చెట్లను ఏ కాలంలోనూ ముట్టరాదు.

ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో ఇదంతా సాధ్యమా అని కొందరంటారు. న్యాయమైన మాటే. రెండెకరాలకు యంత్రం కొనడం తెలివి కాదు, అద్దెకు తెచ్చుకోవచ్చు. అడవిలో ఒంటరిగా ఇటువంటి యంత్రం నడపడం అసలే తగదు. కానీ పది ఎకరాలున్నవాడు ఒక్క చలికాలంలో మొత్తం తేల్చేయాలని ఎందుకు తొందరపడాలి? ఏడాదికి రెండెకరాలు కొట్టి, మరుసటి వసంతంలో ఏది చిగురించిందో, గడ్డి ఎక్కడ మొలిచిందో చూసి, ఆపైన ముందుకు పోవచ్చు. కాంట్రాక్టరు ఆ వసంతానికి తిరిగి రాడు. మనం వస్తాం. పాత యంత్రం మన కొట్టంలో ఉంటే, వచ్చినప్పుడు చేయడానికి ఒక పనీ ఉంటుంది.