ఆకాశ విజ్ఞానం మనకు పరాయిదా?

ఖగోళ శాస్త్రం అనగానే మనలో పలువురికి రెండు రకాల అపోహలు కలుగుతున్నవి. అది జాతకాలు, ముహూర్తాలు చూచే విద్య అని కొందరు భ్రమపడుతున్నారు. అది పాశ్చాత్య దేశాలలో, ఇంగ్లీషు భాషలో మాత్రమే సాగే విద్య, మనకు అందరానిది అని మరికొందరు నిరాశ చెందుతున్నారు. మొదటి అపోహను మంచి పాఠ్యపుస్తకం పోగొట్టగలదు. రెండవదానిని పోగొట్టవలసిన బాధ్యత మన కళాశాల వంటి సంస్థలదే అని నా అభిప్రాయం.

ఈ శాస్త్రంలోని శాఖల పేర్లు వల్లె వేయడం కష్టం కాదు. కాని ప్రతి శాఖా ఒక ప్రశ్న నుండి పుట్టినది. ఆ ప్రశ్న తెలియనిదే పేరుకు విలువ లేదు. ఆ ప్రశ్నలలో చాలావాటికి సమాధానం వెదికిన స్థలాలు మన నగరంలోనో, దాని పరిసరాలలోనో ఉన్నవి.

నక్షత్రం ఆకాశంలో సరిగా ఎక్కడ ఉన్నది? ఇది స్థాన నిర్ణయ శాఖ వేసే ప్రశ్న. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించినది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చినది. ఆకాశాన్ని భాగాలుగా పంచుకొని ఛాయాచిత్రాలు తీయాలని ప్రపంచ దేశాల వేధశాలలు పూనుకొన్నపుడు, ఒక భాగం ఈ వేధశాలకు లభించినది. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను ఇక్కడివారు కొలిచి, సంపుటాలుగా ప్రకటించారు. అన్ని వేధశాలలు ఆనాడు వేసిన ఆ లెక్కలు, 2000 సంవత్సరంలో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టికలో నక్షత్రాల చలనాన్ని గణించడానికి ఉపకరించినవి.

చంద్రుడు, గ్రహాలు ఏ నియమంతో తిరుగుతున్నవి? ఇది ఖగోళ యాంత్రిక శాస్త్రం. ఉగాదికి అమావాస్య ముగియడం చూస్తాము. రంజాను పండుగకు నెలవంక కొరకు ఎదురుచూస్తాము. రెండు పండుగలకూ ఆధారం ఒకే చంద్రుడు. పండుగ నిర్ణయం పెద్దలది, ధర్మశాస్త్రానిది. చంద్రుడు ఏ క్షణాన ఎక్కడ ఉంటాడో చెప్పడం గణితానిది. ఈ తేడా తెలిసిన విద్యార్థి అనవసర వివాదాలలో చిక్కుకొనడు.

నక్షత్రం దేనితో ఏర్పడినది, ఎందుకు వెలుగుతున్నది? ఇది ఖగోళ భౌతిక శాస్త్రం. నగర దీపాల కాంతికి దూరంగా రంగాపూర్ వద్ద ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నెలకొల్పినది. ఒకదానినొకటి మరుగుపరచే జంట తారల వెలుగు తగ్గడం, పెరగడం కొలవడం వాటి పరిమాణాన్ని, ద్రవ్యరాశిని లెక్కించడానికి తోడ్పడుతుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రజ్ఞులు అక్కడి నుండి పరిశీలించారు.

కంటికి కనబడని కిరణాల మాట ఏమిటి? రేడియో, పరారుణ, ఎక్స్ కిరణాలకు వేరువేరు శాఖలున్నవి. పరారుణ కిరణాలలో అధిక భాగాన్ని, ఎక్స్ కిరణాలను వాయుమండలం అడ్డగిస్తుంది. కనుక పరికరాలను పైకి పంపాలి. నాచారానికి కొద్ది దూరంలో, ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతంలో టాటా సంస్థవారి బెలూన్ కేంద్రం ఉన్నది. అక్కడ నుండి లేచిన బెలూన్లు ముప్పై కిలోమీటర్లకు పైగా దూరదర్శినులను మోసుకొనిపోయినవి. అక్కడ గడించిన అనుభవం 2015లో శ్రీహరికోట నుండి పంపిన ఆస్ట్రోశాట్‌కు తోడ్పడినది.

గ్రహాల గర్భంలో ఏమున్నది? ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ భూకంప తరంగాలతో భూగర్భాన్ని పరిశీలిస్తుంది. అదే పద్ధతిని 2018లో కుజగ్రహంపై దిగిన ఇన్‌సైట్ నౌక అక్కడి కంపనాలపై ప్రయోగించినది.

భూమికి ఆవల ప్రాణి ఉన్నదా? ఇది ఖగోళ జీవశాస్త్రం. 2005 ఏప్రిల్‌లో మన బెలూన్ కేంద్రం నుండి 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని సేకరించారు. ఆ నమూనాలను పరిశీలించిన సంస్థలలో అదే ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి. ఒకటి. మూడు కొత్త సూక్ష్మజీవి జాతులు దొరికినవని 2009లో ఇస్రో ప్రకటించినది. వాటిలో ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు. అవి ఆకాశం నుండి వచ్చినవని ఋజువు కాలేదు. ఋజువు కానిదానిని కాలేదని చెప్పడమే శాస్త్ర ధర్మం.

ఇక సమస్త విశ్వం ఎట్లు ఆరంభమైనది అని అడిగేది విశ్వోత్పత్తి శాస్త్రం. విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలని అది చెబుతున్నది.

భాష విషయమేమి? మనం రోహిణి అనే తారను ప్రపంచం అల్దెబరాన్ అంటున్నది. వెంట వచ్చేది అని దాని అరబ్బీ అర్థం. శ్రవణాన్ని అల్తాయిర్ అంటారు, అనగా ఎగిరేది. కనుక తెలుగు చదివే బిడ్డకూ, ఉర్దూ చదివే బిడ్డకూ ఆకాశంలో తమ మాట ఉన్నది. ఉస్మానియాలో ఉన్నత శాస్త్ర పాఠాలను ఉర్దూలో బోధించారు. మాతృభాషలో శాస్త్రం సాగదనే మాటకు మన నగరమే సమాధానం.

ఈ చదువు ఉద్యోగమిస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నిజామియా వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడైన వేణు బాపు, నిజాం కళాశాలలో చదివి, 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడైనాడు. అందరూ బాపులు కానక్కరలేదు. కాని ఆ మార్గం ఉన్నదని తెలియకుండానే మన విద్యార్థి ఆ రోడ్డులో రోజూ బస్సులో పోతున్నాడు. లోపం అతనిది కాదు, చూపించని మనది.

కావున కళాశాల కమిటీ వారికి మూడు విన్నపాలు. ఒక చిన్న దూరదర్శిని కొని నెలకొకసారి మేడమీద పరిశీలన జరపవలెను. దీపాల వెలుగులో సైతం చంద్రుని గుంటలు, గురుగ్రహ చంద్రులు, శని వలయాలు కనబడతవి. ఏటా ఒకసారి ఈ సంస్థలకు విద్యార్థులను, ముఖ్యంగా విద్యార్థినులను, తీసుకొనిపోవలెను. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఖగోళ పదకోశాన్ని సిద్ధం చేయవలెను. మూడవ పనిలో తెలుగు శాఖ తన వంతు నెరవేర్చగలదు. మొదటి రెండింటికి కావలసినది పెద్ద నిధి కాదు, పెద్ద మనసు.