అడ్వాన్సు సొమ్ము ఎవరిది?

పరుల సొమ్మును భద్రపరచుట యొక ధర్మము. దానిని అడిగిన దినమున తిరిగి యిచ్చుట అంతకంటె పెద్ద ధర్మము. మనువు తగవులను పదునెనిమిది వ్యవహారపదములుగా విభజించి, ఋణాదానమును మొదటను, నిక్షేపమును రెండవదిగాను చెప్పినాడు. అనగా అప్పు తరువాత మన పూర్వులకు జ్ఞప్తికి వచ్చిన తగవు, ఒకరి చేతిలో నుంచిన సొమ్ము తిరిగి రాకపోవుటయే. రాజ్యములు మారినవి, చట్టములు మారినవి. ఆ తగవు మాత్రము మారలేదు. నేడది అద్దెయింటి అడ్వాన్సు అను పేరుతో మన పట్టణములలో ప్రతి వీథిలోను వర్ధిల్లుచున్నది.

ఇటీవల మాయొద్దకు వచ్చిన యొక వ్యవహారమును పాఠకులకు మనవి చేసెదము. ఒక బట్టల దుకాణపు గుమాస్తా నెలకు 12,000 రూపాయల అద్దెకు నాలుగేండ్లు ఒక యింట కాపురముండెను. చేరిననాడు మూడు నెలల అద్దె, 36,000 రూపాయలు, అడ్వాన్సుగా చెల్లించెను. కుమార్తె కళాశాలకు దగ్గరగా నుండవలెనని వేరొక యిల్లు కుదుర్చుకొని, అచ్చటను అడ్వాన్సు చెల్లించుటకై వడ్డీకి అప్పు తెచ్చెను. పాత యింటి సొమ్ము చేతికి రాగానే ఆ యప్పు తీర్చవచ్చునని అతని లెక్క. యజమాని లెక్క వేరు. గోడలకు రంగులు వేయుటకు 12,000. కుళాయి మార్చుటకు 3,000. ఇల్లు శుభ్రము చేయించుటకు 4,000. నోటీసులో పది దినములు తక్కువైనందుకు 4,000. వెరసి 23,000 విరుగగోసి, మిగిలిన పదుమూడు వేలును క్రొత్తవారు చేరినపిదప ఇచ్చెదననెను. క్రొత్తవారు చేరిరి, సొమ్ము రాలేదు. అప్పుపై వడ్డీ మాత్రము నెలనెలా వచ్చుచునేయుండెను.

ఇంతకు నీ సొమ్ము ఎవరిది? యజమాని చేతనున్నను అది అద్దెదారునిదే. అద్దె బకాయిపడినను, ఇంటికి నష్టము కలిగినను యజమాని నష్టపోకుండుటకై యుంచిన హామీయేగాని, అది ముందుగా పుచ్చుకొన్న జరిమానా కాదు. బకాయియు నష్టమును లేనిచో దానిలో నొక్క రూపాయి నిలిపియుంచుటకును యజమానికి హక్కు లేదు.

ఏది నష్టము, ఏది కాదు అనునదే తగవులకెల్ల మూలము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను దీనికి చక్కని సమాధానము చెప్పుచున్నది. అద్దెదారుడు ఇంటిని పుచ్చుకొన్న స్థితిలోనే తిరిగి యప్పగింపవలెను. కాని సహజమైన వాడుకవలన కలిగిన యరుగుదలకును, మనుష్యుల కడ్డరాని శక్తులవలన కలిగిన మార్పునకును అతడు బాధ్యుడు కాడు. నాలుగేండ్లలో గోడరంగు వెలిసిపోవుట అరుగుదల. పిల్లలు గోడకు మేకులు కొట్టి పెచ్చులూడదీయుట నష్టము. గడప నునుపెక్కుట అరుగుదల. తలుపు విరుగుట నష్టము. మొదటిదానికే యజమాని అద్దె పుచ్చుకొన్నాడు. దానికి మరల అడ్వాన్సులో కోతకోయుట ఒకే వస్తువునకు రెండుసార్లు వెల పుచ్చుకొనుటయే యగును. ఖాళీచేయునప్పుడు రంగులకై ఒక నెల అద్దె మినహాయింపబడునని కరారులో ముందుగా వ్రాయించుకొనువారు కలరు. అట్టి షరతుకు చేవ్రాలు చేసినవాడు పిమ్మట వగచి ప్రయోజనము స్వల్పము. అయినను, కరారు తప్పినందులకు వ్రాసికొన్న మొత్తమంతయు వసూలు చేయుటకు వీలులేదనియు, సహేతుకమైన పరిహారము మాత్రమే దక్కుననియు 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను చెప్పుచున్నది.

అడ్వాన్సు ఎంత యుండవలెను? ఆంధ్రప్రదేశములో 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టము ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదని శాసించినది. గూడూరులోని యొక హోటలు వ్యవహారములో 1989లో సుప్రీముకోర్టు ఆ చట్టమునే ఆధారము చేసికొని, హద్దుమీరిన అడ్వాన్సును తనయొద్ద నుంచుకొన్న యజమాని అద్దె బకాయియని చెప్పి అద్దెదారుని వెడలగొట్టజాలడని తీర్పు చెప్పినది. ఎంత న్యాయమైన మాట! కాని 2005 నాటి సవరణతో నగరపాలక సంస్థల ప్రాంతములలో 3,500 రూపాయలకును, ఇతర స్థలములలో 2,000 రూపాయలకును మించిన అద్దెయిండ్లు ఆ చట్టమునుండి తొలగింపబడినవి. హైదరాబాదులో గాని విజయవాడలో గాని ఆ వెలకు నేడు కాపురమునకు దగిన యిల్లు దొరకుట యెట్లు? చట్టము పుస్తకములో నిలిచినది. జనము దాని వెలుపల నిలిచిరి.

పొరుగునకు చూడుడు. ఉద్యోగార్థులై బెంగుళూరు చేరిన మన తెలుగు యువకులు పది నెలల అడ్వాన్సు అను ఆచారమును చూచి దిగ్భ్రమ చెందుచుండుట మనమెరుగనిది కాదు. 20,000 రూపాయల అద్దెకు రెండు లక్షలు! తమిళనాడు 2017లో చేసి 2019లో అమలుపరచిన చట్టములో, వేరు కరారు లేనిచో మూడు నెలల అద్దెకు మించరాదనియు, ఖాళీచేసిన నెలలోపల తిరిగి యీయవలెననియు ఏర్పరచినది. అయితే “వేరు కరారు లేనిచో” అను మూడు మాటలును, ముందు తలుపు మూసి పెరటి తలుపు తెరచినట్లున్నవి. కేంద్ర మంత్రివర్గము 2021 జూన్ 2వ తేదీన ఆమోదించిన మాదిరి అద్దె చట్టము ఇంతకంటె మేలు. నివాసగృహములకు రెండు నెలల అద్దెకు మించరాదు; ఇల్లు స్వాధీనమైన దినముననే న్యాయమైన మినహాయింపులు పోను మిగత సొమ్ము ఈయవలెను. కాని యది మాదిరి మాత్రమే. రాష్ట్రములు తమ శాసనముగా చేసికొన్నగాని దానికి ప్రాణము రాదు. ఈ రెండు సూత్రములను సందులేకుండ శాసనము చేయుట ప్రతి ప్రభుత్వమునకును విధి.

యజమానుల పక్షమును మేము విస్మరింపలేదు. ఇంటి యజమానులందరును ధనికులు కారు. పింఛనునకు తోడుగా పైవాటా అద్దెపై బ్రతుకు వృద్ధులు కలరు. కరెంటు బిల్లు బకాయిపెట్టి, స్నానపుగది పాడుచేసి, చెప్పకయే వెడలిపోవు అద్దెదారులును కలరు. వారినుండి రక్షణ కావలసినదే. కాని వచ్చినవాని అడ్వాన్సు ఖర్చుపెట్టుకొని, పోవువానికి ఈయవలసివచ్చినప్పుడు క్రొత్తవాని రాకకై యెదురుచూచుట రక్షణ కాదు. అది వడ్డీలేని యప్పు. అదియు అప్పిచ్చువాని యనుమతి లేని యప్పు.

శాసనము వచ్చునంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ఇంట చేరుదినముననే గోడలు, కుళాయిలు, తలుపులు, మీటరు అంకెలు ఫోనుతో ఫోటోలు తీసి యజమానికి పంపుడు. అడ్వాన్సును బ్యాంకు ద్వారానే చెల్లింపుడు. ఎంత, ఎప్పుడు, ఏ మినహాయింపులతో తిరిగి యీయవలెనో కరారులో వ్రాయించుకొనుడు. ఖాళీచేయుటకు నోటీసు వ్రాతపూర్వకముగా నిండు. చివరి నెలల అద్దెను అడ్వాన్సులో చెల్లువేసికొనదలచిన యజమాని సమ్మతిని వ్రాతలో పొందుడు. తాళపుచెవు లప్పగించునప్పుడు ఇరువురును కలిసి యిల్లు చూచి, అచ్చటనే లెక్క తేల్చి, రసీదు పుచ్చుకొనుడు. బిల్లు చూపని కోతకు ఒప్పుకొనకుడు.

అప్పటికిని సొమ్ము రాకున్నచో మొదట నోటీసు. పిమ్మట సివిలు కోర్టు. దావాకు గడువు మూడేండ్లు. అంతకంటె సులభమార్గము, 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఏర్పడిన లోక్ అదాలతు. దావా వేయకమునుపే తగవును దానికి నివేదింపవచ్చును; అచ్చట కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు.

మా గుమాస్తా కథ అట్లే ముగిసినది. నోటీసులో పది దినములు తక్కువైన మాట నిజము. అది ఒప్పుకొనుమని మేమే అతనికి చెప్పితిమి. కుళాయికి యజమాని బిల్లు చూపెను. రంగులకు కరారులో మాట లేదు. శుభ్రతకు బిల్లు లేదు. ఏడు వేలు పోను 29,000 రూపాయలు రెండు వాయిదాలలో చెల్లించుటకు యజమాని సమ్మతించెను. సొమ్ము చేతికి వచ్చినది. కాని అందులో కొంత అప్పటికే వడ్డీకి పోయినది. ఆ వడ్డీని తిరిగి యిప్పించినవారు లేరు.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువువారిలో యజమానులును కలరు, అద్దెదారులును కలరు. ఇరువురికిని మా మనవి యొక్కటే. అడ్వాన్సు చేతికి వచ్చిన దినముననే ఇంటి తాళపుచెవి యిచ్చుచున్నాము గదా! తాళపుచెవి తిరిగి వచ్చిన దినముననే అడ్వాన్సును తిరిగి పోవుగాక.