డాక్టరు సలహా

ప్రశ్న: మా బాపు దవడ ఎముక కరిగిపోయింది. పశువు ఎముక పొడి నింపి, తరువాత పన్ను బిగిస్తామన్నారు డాక్టరుగారు. బాపుకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
—ఒక సోదరి, వీర్నపల్లి

జవాబు: అది పచ్చి ఎముక కాదమ్మా. కొవ్వు, కణాలు, మాంసకృత్తులు పోయేదాకా మందులతో, వేడితో శుద్ధి చేస్తారు. జర్మనీలో కీల్ నగరపు డాక్టర్లు 1950లలోనే దూడ ఎముకను శుద్ధిచేసి మనుషులకు పెట్టారు. చివరకు మిగిలేది కాల్షియం ఫాస్ఫేటు గూడు. పందిరిపై తీగ పాకినట్లు దానిపై సొంత ఎముకే పెరుగుతుంది, నెలలు పడుతుంది.

అయినా మీ నాన్నగారి సంకోచాన్ని తోసిపుచ్చకండి. ఏ జంతువుదో ముందే అడగండి. ఆవుదీ, పందిదీ కూడా వుంటాయి. వద్దంటే ఆయన ఎముకే తీసి పెట్టవచ్చు గాని, మరొకచోట కోత తప్పదు. కృత్రిమంగా చేసినదీ వున్నది. ఏది పెట్టినా, బీడీ అలవాటుంటే మాన్పించండి. పొగతాగేవారికి ఎముక తొందరగా అతుక్కోదు.