సెలవు సరే, ఆమె నైట్లు ఎవరు చేస్తారు?

మా చెల్లెలు అనస్థీషియా ఎండీ రెండో ఏడాదిలో ఉండగా నెల తప్పింది. ఇంట్లో వెంటనే చెప్పింది గానీ, డిపార్ట్‌మెంటులో మూడు నెలల దాకా నోరు విప్పలేదు. "సెలవు ఇవ్వరనా భయం?" అని అడిగాను.

"ఇస్తారన్నయ్యా. నా నైట్లు మిగతా ముగ్గురి నెత్తిన పడతాయి. వాళ్ళ మొహం ఎలా చూడను?" అంది.

లెక్క చూస్తే నిజమే. నలుగురు తలా ఆరు నైట్లు చేసే చోట ఒకరు తగ్గితే మిగిలిన ముగ్గురికీ ఎనిమిదేసి. అసలు రెసిడెంట్ల డ్యూటీ మామూలుగా రోజుకి 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 36 గంటలు ఏకబిగిన చేసొచ్చిన జూనియర్ డాక్టర్ మీ చుట్టాల్లో ఒక్కరైనా ఉండే ఉంటారు, అడిగి చూడండి.

మన దగ్గర ఒకమ్మాయి మెటర్నిటీ లీవుకి వెళ్తుందంటే మేనేజరు మూడు నెలల ముందే ఎక్సెల్ షీటు తెరుస్తాడు. బెంచి మీంచి ఎవరినో లాగుతాడు, కుదరకపోతే క్లయింటుని బతిమాలి రిలీజు జరుపుతాడు. (ఆ తర్వాత అప్రైజల్లో ఆ అమ్మాయికి జరిగేది వేరే కథ, దాని జోలికి ఇప్పుడు వెళ్ళను.) ఆపరేషన్ టేబుల్ మీదున్న మనిషిని వచ్చే స్ప్రింటుకి జరపలేం కదా! అలాంటి చోటే బదులు మనిషిని పెట్టే ఏర్పాటు లేదు. 2017లో చట్టం మార్చి 12 వారాల సెలవుని 26 చేశారు. 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. సంతోషం. కానీ సెలవు పెట్టినామె పని ఎవరు చెయ్యాలో, రాత్రి డ్యూటీ ఉన్న తల్లికి పగటి క్రెష్ ఏం పనికొస్తుందో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

పోనీ చదువయ్యాక పిల్లల్ని కనొచ్చుగా అనేవాళ్ళున్నారు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, పీజీ 3, సూపర్ స్పెషాలిటీ ఇంకో 3. ఎక్కడా ఒక్క ఏడాది పోకపోయినా 29 దాటుతుంది. పీజీ సీటు కోసం ఏడాదో రెండేళ్ళో ఇంట్లో కూర్చుని చదవడం ఎంత మామూలో మనకి తెలియనిదా?

ఇక ఇంకో రకం సలహా. "ఆడపిల్లవి, డెర్మటాలజీ తీసుకో, నైట్లుండవు." ఈ మాట మా చెల్లెలితో నేనే అన్నాను, అదీ పెద్ద మంచి చెబుతున్నట్టు మొహం పెట్టి. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ని చంపేశాక అక్కడి ప్రభుత్వం కూడా దాదాపు ఇదే అంది, ఆడవాళ్ళకి వీలైనంత వరకు నైట్లు వెయ్యొద్దని. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. అప్పుడు గానీ నా సలహా ఎంత చవకబారుదో నాకు తెలియలేదు. నైట్లు లేకుండా అనస్థీషియా ఎక్కడ నేర్చుకుంటారండీ!

ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలి క్లాస్‌మేట్ ఒకామె ట్రైనింగు 60 శాతం పనివేళల మీద చేస్తోంది. అక్కడి ఎన్‌హెచ్‌ఎస్‌లో ఆ పద్ధతి ఉంది. జీతం ఆ లెక్కనే, ట్రైనింగు అంత ఎక్కువ కాలం సాగుతుంది, నేర్చుకునేది మాత్రం తగ్గదు. మన దగ్గర పీజీ అంటే ఫుల్ టైమే, వేరే దారి లేదు. రేపటికి రేపు అదంతా రమ్మనడం లేదు. ఒక పీజీ సెలవు మీద వెళ్తే ఆ ఆరు నెలలకీ జీతమిచ్చి ఒక డాక్టర్ని పెట్టమంటున్నాను. ఒక మనిషి జీతం, అంతే! అది మిగుల్చుకోవడం కోసం తోటి పీజీలకి ఆమె మీద కోపం వచ్చేలా చేస్తున్నాం. ఎనిమిది నైట్లు చేసేవాడు విసుక్కుంటే వాణ్ణేం అంటాం?

మా చెల్లెలి కోర్సు ఆరు నెలలు సాగింది, ఆ ఏడాది డీఎం ఎంట్రన్సు పోయింది. కార్డియాక్ అనస్థీషియా చెయ్యాలని దానికి ఎంబీబీఎస్ నాటి నుంచీ ఆశ. ఇప్పుడు ఒక నర్సింగ్ హోములో పగటి పూట సిజేరియన్లకి మత్తు ఇస్తోంది. పాపకి మూడేళ్ళు నిండాయి. మొన్న వెళ్ళినప్పుడు డీఎం పుస్తకాలు అటక మీంచి దింపి ఉన్నాయి, అడిగితే "దుమ్ము దులుపుదామని" అంది.