పలుకుబడుల ముచ్చట: ఆపుటయు, అడ్డుటయు

ఆంగ్లము చదువు పిల్లలకు పలుకుబడుల పుట్టుక తెలిపినచో నవి మనస్సున నాటుకొనును. ఈ మాసము ఆపుటకును, అడ్డగించుటకును వాడు మూడింటిని విచారింతము.

"స్టైమీ" యనగా దారికి అడ్డుపడుట. ఇది గోల్ఫ్ ఆటలోని మాట. ఒకరి బంతికిని గుంటకును నడుమ ఎదిరి బంతి నిలిచినచో, దానిని సామాన్యముగా తొలగింపరాదని పూర్వము నియమము. 1952లో ఆ నియమము రద్దయ్యెను. మాట మాత్రము నిలిచినది. మన "అడ్డుపుల్ల వేయుట" దీనికి చుట్టము.

"త్రో ఇన్ ది టవల్" యనగా ఓటమి నొప్పుకొని విరమించుట. ముష్టియుద్ధమున తనవాడిక దెబ్బలకు తాళలేడని తోచినప్పుడు సహాయకుడు తువాలును బరిలోనికి విసరును. అంతకు ముందు స్పంజిని విసరెడివారు. గెలుపుకంటె మనిషి మేలని యెరిగిన చేయి యది. పరీక్షలకై రాత్రులు మేలుకొని కృశించు బిడ్డ పుస్తకమును మూయు తల్లి చేయియు నట్టిదే.

"నిప్ ఇన్ ది బడ్" యనగా మొగ్గలోనే తుంచుట. చామంతికి ప్రక్కమొగ్గలను తుంచి, నడిమి మొగ్గను పెద్దపూవుగా పెంచుదురు. ఏది తుంచవలెనో తెలిసినవారికే ఆ పని తగును. కొడుకు చెప్పిన తొలి యబద్ధమును "పసివాడు" అని విడిచి, కూతురు వేసిన తొలి ప్రశ్నను "ఆడపిల్లకేల?" అని తుంచు ఇండ్లు నేటికిని లేకపోలేదు. మన గోరు ఏ మొగ్గపై నున్నదో చూచుకొందము.