మిగిలిన ముక్కలు ఎవరు ఏరాలి?



వేసవి సెలవులు వస్తే మన సంఘాల యవ్వనస్తులు బస్సు మాట్లాడుకొని తలకోనకు వెళ్తారు. 270 అడుగుల జలపాతం, చల్లని నీడ, పాటలు, ప్రార్థన. మంచిదే. కానీ భోజనాలయ్యాక బండల మీద మిగిలే పెరుగన్నం, బిర్యానీ ఎముకలు, అరటి తొక్కల సంగతేమిటి? "అడవిలో మూగజీవాలు తింటాయిలే" అంటాం. వినడానికి అది దయలా ఉంటుంది. దయ కాదు.

తలకోన ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో. ఆ శేషాచలం అడవి ఎలుగుబంటికి ఇల్లు. దేవుడు దాని ఆహారం అక్కడే ఏర్పాటు చేశాడు. పొడవాటి గోళ్లతో పుట్ట తవ్వి చెదలను పీల్చుకుంటుంది. తేనె, నేరేడు పండ్లు తింటుంది. దాని చూపు మందమే గాని ముక్కు మహా చురుకు. ఒకసారి అన్నం దొరికిన చోటికి మళ్లీ వస్తుంది. మెల్లగా మనిషి భయం తగ్గుతుంది. ఒకనాడు పొద మాటున మనిషి ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. ఆ తర్వాత దానికి మిగిలేది బోను, లేకుంటే జనం కర్రలు. అన్నం పారేసినవాడు మాత్రం ఇంట్లో హాయిగా నిద్రపోతుంటాడు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుతకు బలైంది. ఆ తల్లిదండ్రుల దుఃఖం మరువలేనిది. దానికి ఎంగిలే కారణమని నేను తీర్పు తీర్చను. కానీ ఆ తర్వాత ఆ దారిలో జంతువులకు తిండి పెట్టవద్దని అధికారులు ఆంక్ష పెట్టారు. ఎందుకు? ఎంగిలికి కుక్కలు, పందులు వస్తాయి. వాటి కోసం చిరుత వస్తుంది. ఎలుగైతే నేరుగా ఎంగిలికే వస్తుంది.

అమెరికాలోని యోసెమిటీ అడవిలో రాత్రి బస చేసేవారు తిండిని ఎలుగు తెరవలేని డబ్బాల్లో పెట్టుకోవాలి. అది అక్కడి నియమం. పగటి పూట వెళ్లి వచ్చే మనకు మూత బిగిసే క్యారియరు, చెత్తకు ఒక గోనెసంచి చాలు. రాత్రి ఉంటే తిండి వరండాలో వదలకండి. ఎంగిలిని అక్కడే గుంట తీసి పూడ్చకండి, ఎలుగు తవ్వుతుంది. ఎక్కి వచ్చిన బస్సులోనే ఊరికి తిరిగి తెచ్చేయండి.

యేసుప్రభువు పచ్చిక మీద 5 వేల మందికి భోజనం పెట్టాక ఏం చేశాడో గుర్తుందా? మిగిలిన ముక్కలన్నీ శిష్యులచేత ఏరించాడు. 12 గంపలు నిండాయి. కొండ మీద పక్షులు లేవా, నక్కలు లేవా? అయినా వదిలి రమ్మనలేదు. అంత రొట్టె పుట్టించగలవాడే ముక్కలు ఏరించాడంటే, తినడంతో మన పని అయిపోలేదని అర్థం.

కాబట్టి కాపరులారా, యవ్వనస్తుల నాయకులారా, ఈసారి అడవిలో ముగింపు ప్రార్థనకు లేచే ముందు ఒక్కసారి నేలవైపు చూడండి. ముక్కలు ఏరాకే ఆమేన్ చెప్పుకుందాం.