దిద్దేవారిని దిద్దేదెవరు?

నా పూర్వవిద్యార్థి ఒకడు, ఇప్పుడు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు, మొన్న మా యింటికి వచ్చి డాక్టరేటుకు పరిశోధన చేయదలచుకొన్నానన్నాడు. ఏ ప్రబంధకవి మీదనో కాబోలుననుకొన్నాను. కాదట, పరీక్షల మీద, మార్కుల మీద చేస్తాడట. తెలుగు పండితుడికి ఇదేమి పిచ్చి అని తోటివారు నవ్వుతున్నారట. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పదేళ్ళ క్రిందట ఒక రాత్రి నేను దిద్దిన కట్టలో, చివరి కాగితంలోని వ్యాసానికి 10కి 4 వేశాను. ఎందుకో మనసొప్పక, నెల గడచిన పిమ్మట పాత మార్కు కప్పిపెట్టి తిరిగి దిద్దితే 6 పడ్డాయి. వ్యాసం మారలేదు, మారినవాణ్ణి నేను. నూటికి 35 వస్తేనే గట్టెక్కే పిల్లవాడికి ఆ రెండు మార్కులు ఒక సంవత్సరం ఖరీదు.

ఈ దోషం నా ఒక్కడిదే కాదు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే విద్వాంసులు ఒకే ఇంగ్లీషు జవాబుపత్రం నకళ్ళను అనేక పాఠశాలలకు పంపగా, 142 మంది దిద్దారు. ఒకరు 64 వేస్తే ఇంకొకరు 98 వేశారు. భాష గనుక అలా జరిగిందందామా? మరుసటి యేడు రేఖాగణిత పత్రాన్ని పంపితే 28 మొదలుకొని 90 పైచిలుకు దాకా వచ్చాయి! ఇంగ్లండులో హార్టాగ్, రోడ్స్ 1935లో ప్రకటించిన పరిశీలన మరీ విచిత్రం. 14 మంది పరీక్షకులు 15 చరిత్రపత్రాలను ఏడాదికి పైగా గడిచాక తిరిగి దిద్దితే, 210 తీర్పులలో 92 మారిపోయాయి.

మన దేశంలోనూ 1948–49 నాటి రాధాకృష్ణన్ సంఘం మొదలు పరీక్షల సంస్కరణ మాట వినబడుతూనే ఉన్నది. మనకు తోచిన మందు బిట్లు. బిట్లలో దిద్దేవాని చపలత్వానికి చోటు లేదు, నిజమే. కాని పద్యభావాన్ని సొంతమాటలలో చెప్పగల పిల్లవాణ్ణి బిట్టు గుర్తుపట్టలేదు. 'జ్ఞాపకం' అనవలసినచోట 'యాది' అని వ్రాసినవాడికి ఒక పరీక్షకుడు మార్కు కోస్తాడు, మరొకడు కోయడు. ఇందులో ఎవరిది తప్పు? ఈ ప్రశ్నను తెలుగు తెలిసినవాడు తప్ప వేరెవరు పరిశోధించగలరు?

అందుచేత, వెళ్ళమన్నాను. అయితే ఒక్క హెచ్చరిక చేశాను. మూడు వందలమందికి ప్రశ్నావళి పంచి, టిక్కులు లెక్కబెట్టి, 'ఉపాధ్యాయుల వైఖరి' అని అట్ట వేయించే సిద్ధాంతగ్రంథాలు మనకు కొరత లేదు. ఇంక్రిమెంటుకు అవి చాలు. పిల్లవాడికి వాటివల్ల ఒరిగేదేమీ లేదు. 2022 నాటి యు.జి.సి. నిబంధనలు ఈ పట్టానికి కనీసం మూడేళ్ళు, సాధారణంగా ఆరేళ్ళ గడువు పెట్టాయి. మొదటి యేడు గణాంకశాస్త్రానికే పోతుంది. విశ్వసనీయత, సప్రమాణత, సహసంబంధం అన్న మాటలకు బెదరకూడదు. ఛందస్సు నేర్చినవాడికి లెక్క కొత్త కాదుగదా.

"ముందు ఒక్క వ్యాసాల కట్ట తీసుకో. అయిదుగురిచేత విడివిడిగా దిద్దించు. ఎక్కడ చీలిపోయారో చూడు. నీ విషయం అక్కడే ఉంటుంది" అన్నాను.

"ఆ అయిదుగురిలో మీరూ ఉంటారా, మాస్టారూ?" అన్నాడు.

ఉంటానన్నాను. సంక్రాంతి సెలవులలో కాగితాలు తెస్తానని చెప్పి వెళ్ళాడు.